భయానక కథకులకు సంఘ మేల?

లోకములో వడ్రంగులకు సంఘములు కలవు. నేతపనివారికి సంఘములు కలవు. న్యాయవాదులకును వైద్యులకును సంఘములు కలవు. వీరికి సంఘ మావశ్యక మని యెవరైన నొప్పుకొందురు. కాని యేకాంతమున గూర్చుండి, దీపము ముందుంచుకొని, పిశాచముల కథలు వ్రాయువానికి సంఘముతో నేమి పని? కలము తనది, కాగితము తనది, ఊహ తనది. ఒక సభకు చందా కట్టినంతమాత్రమున కథ చదువువానికి ఒడలు జలదరించునా? ఈ ప్రశ్న పైకి హాస్యముగ దోచినను దీని వెనుక రెండువందల యేండ్ల చరిత్ర కలదు. ఆ చరిత్రను కొంత విచారించి, వృత్తిసంఘమువలన భయానక రచయితకు గలుగు మే లేది, కలుగని మే లేది యని తేల్చుటకు మే మిచట ప్రయత్నించెదము.

మొదట నొక సందేహమును తీర్చవలెను. మూఢవిశ్వాసములను పాఱద్రోలవలె నని కోరు మనము దయ్యపు కథలు వ్రాయువారి కష్టసుఖముల నేల విచారింపవలెను? దయ్యమును నమ్ముట వేఱు. దయ్యపు కథను ఆస్వాదించుట వేఱు. భరతముని చెప్పిన యెనిమిది రసములలో భయానక బీభత్సములు రెండును కలవు. భవభూతి మాలతీమాధవమున నైదవ యంకమును శ్మశానమున నడపెను. బేతాళ కథలు వినని తెలుగు పిల్లలు తక్కువ. కావున భయమును రసముగ మార్చి యిచ్చువాడును కవియే. అంతకంటె ముఖ్యమైన మాట యింకొకటి కలదు. మనకు రుచించిన పని చేసినవానికే కూలి ముట్టవలె ననుట న్యాయము కాదు. పని చేసిన ప్రతివానికిని కూలి ముట్టవలెను.

మఱియొక సంగతి. రచయితల సంఘ మనగానే మన తెలుగు చదువరికి 1943లో తెనాలిలో వెలసిన అభ్యుదయ రచయితల సంఘమో, 1970లో పుట్టిన విప్లవ రచయితల సంఘమో తలపునకు వచ్చును. అవి భావములచేత నేర్పడిన సంఘములు. ఏమి వ్రాయవలెను, ఎవరి పక్షమున వ్రాయవలెను అనునవి వాని ప్రశ్నలు. మేమిందు చెప్పబోవు వృత్తిసంఘము వేఱు జాతిది. అది సభ్యుని అభిప్రాయముల నడుగదు. నీ పుస్తకము నమ్మినవాడు నీకు లెక్క చెప్పెనా, చెప్పిన లెక్క నిజమా, నీ యనుమతి లేక నీ కథను మఱియొకడు వాడుకొనెనా యని మాత్రమే యడుగును. ఈ భేదమును మనస్సున నుంచుకొన్నచో ముందు చెప్పబోవు చరిత్ర సులభముగ బోధపడును.

సంఘము లేని కాలమున భయానక కథకుల స్థితి యెట్టిదో మొదట చూతము. మేరీ షెల్లీ 1818లో ఫ్రాంకెన్‌స్టైన్ నవలను తన పేరు లేకుండ ప్రకటించెను. అప్పుడు అచ్చయినవి ఐదువందల ప్రతులు మాత్రమే. 1823లో పీకు అను నాటకకర్త దానిని నాటకముగ మార్చి లండనులోని ఇంగ్లీషు ఆపెరా హౌసున ఆడించెను. జనము విరుగబడి చూచిరి. భర్తను పోగొట్టుకొని కుమారునితో ఇటలీనుండి తిరిగివచ్చిన రచయిత్రియు ప్రేక్షకులలో కూర్చుండి తన కథను చూచెను. కాని ఆ యాదాయములో ఆమెకు హక్కుగ రావలసిన దొక పెన్నీయైనను లేదు; ఏలయన, నవలను నాటకముగ మార్చుటను నాటి చట్టము దోషముగ నెంచలేదు. నాటకము వలన పుస్తకమునకు పేరు వచ్చుటయు, అదే యేట రెండవ ముద్రణము వెలువడుటయు మాత్రమే ఆమెకు గలిగిన లాభము.

అమెరికాలో ఎడ్గార్ ఆలన్ పో గతి యింకను దైన్యమైనది. 1839 చివర అతని కథలు రెండు సంపుటములుగ వెలువడినప్పుడు, లాభ మంతయు ప్రకాశకులది. గ్రంథకర్తకు ముట్టినవి యిరువది ప్రతులు. దీనికి ప్రకాశకుల లోభ మొక్కటియే కారణము కాదు. ఆ దినములలో అమెరికా చట్టము పరదేశ గ్రంథములకు రక్షణ మీయలేదు. ఇంగ్లండులో వెలువడిన ప్రసిద్ధ నవలను దమ్మిడీ యియ్యకుండ అచ్చువేసికొనుటకు వీలుండగా స్వదేశపు రచయితకు డబ్బిచ్చి వ్రాయించుకొనువా డెవడు? ఈ దోషమును పో గుర్తించి పత్రికలలో మొఱపెట్టుకొనెను. కాని యొంటరివాని మొఱ శాసనసభలవఱకు పోలేదు. అతడు 1849లో మరణించెను. అమెరికా 1891లో గాని పరదేశ రచయితల హక్కును అంగీకరింపలేదు. ఒక చట్టమును మార్పించుటకు ఒక ప్రతిభావంతుడు చాలడు. అలయక, చావక, తరతరములు నిలిచి యడుగు సంస్థ యొకటి కావలెను.

అట్టి సంస్థ ఇంగ్లండులో 1884లో వాల్టర్ బెసంట్ అను నవలాకారుని కృషివలన బయలుదేరెను. దాని పేరు గ్రంథకర్తల సంఘము. మొదటి యధ్యక్షుడు టెన్నిసన్ మహాకవి. ప్రకాశకులు చూపు ఖర్చుల లెక్కలను పరిశీలించుట, ఒడంబడికలలోని చిక్కులను సభ్యులకు విప్పి చెప్పుట, చట్టమును బాగుచేయించుట దాని పనులు. గ్రంథము కీర్తికి మాత్రమే కాదు, ఇల్లు పొలముల వలె ఆస్తి కూడ ననునది బెసంటు సిద్ధాంతము. సరస్వతిని అంగడి కీడ్చు చున్నా డనువారికి ఆయన యిచ్చిన సమాధాన మిది: అంగడి యెప్పుడో పెట్టబడినది, అందు అమ్మువాడును కొనువాడును లాభపడుచుండగా, నేసినవాడు మాత్రమే లెక్క యడుగరాదా?

ఈ సంఘమునకును భయానక సాహిత్యమునకును సంబంధము డ్రాక్యులా మూలమున గలిగెను. ఈ యుదంతమును కొంచెము విపులముగ చెప్పవలెను. సంఘముయొక్క బలమును, దాని పరిమితియు నిందు రెండును గానవచ్చును.

బ్రామ్ స్టోకర్ లండనులోని లైసియము నాటకశాలకు వ్యవహారకర్త. నాటకపు హక్కుల సంగతి బాగుగ నెఱిగినవాడు. 1897వ సంవత్సరము మే నెలలో డ్రాక్యులా నవల వెలువడుటకు ఎనిమిది దినములు ముందుగనే, ఆ కథను నాటకరూపమున లైసియము రంగముమీద చదివించెను. అది ప్రేక్షకులకొఱకు కాదు, చట్టముకొఱకు. మొదట తానే ప్రదర్శించినచో రంగస్థలపు హక్కు తనకు నిలుచు నని. మేరీ షెల్లీకి 1823లో లేని రక్షణము స్టోకరుకు దొరకెను. అయినను అమెరికాలో 1899లో ఆ నవల అచ్చయినప్పుడు, ఆ దేశపు చట్టము కోరిన లాంఛన మొకటి నెఱవేఱకపోవుటచే అచట దాని హక్కు నిలువలేదు. ఇంతటి జాగరూకుడును ఒకచోట పొరబడెను. తన దేశమున మెలకువగ నున్నవాడు పరదేశపు నిబంధనల నన్నిటిని గుర్తుంచుకొనుట కష్టము. ఇట్టి పనికే ఒక సంస్థయు, దాని కార్యాలయమును, అందు ఈ పనియే చేయు కార్యదర్శియు నావశ్యకము.

స్టోకరు 1912లో గతించెను. భార్య ఫ్లారెన్సుకు సంక్రమించిన యాస్తిలో డ్రాక్యులా హక్కు ఒకటి. 1922వ సంవత్సరము మార్చిలో బెర్లినునందు నోస్ఫెరాటు అను మూకచిత్రము ప్రదర్శింపబడెను. దర్శకుడు మూర్నౌ; తీసినవారు ప్రానా ఫిల్ము కంపెనీ. పాత్రల పేర్లు మార్చిరి. స్టోకరు నవలయే తమ కాధార మని తామే ప్రకటించిరి. అనుమతి మాత్రము అడుగలేదు, ప్రతిఫలమును ఈయలేదు. ఈ సంగతి తెలిసిన వెంటనే ఫ్లారెన్సు చేసిన పని యేమనగా, ఆ యేడే గ్రంథకర్తల సంఘమున సభ్యురాలై, తన ఫిర్యాదును దాని ముం దుంచుట.

అరువది దాటిన వితంతువు లండనులో నుండి బెర్లిను కంపెనీపై నొంటరిగ వ్యాజ్య మాడగలదా? జర్మను చట్ట మామెకు తెలియదు. ఆ దేశపు న్యాయవాదుల పరిచయము లేదు. సంఘమునకు ఈ రెండును సాధ్యములే. ఇంగ్లండును జర్మనీయు 1886 నాటి బెర్న్ ఒడంబడికలోనివి గనుక అభియోగమునకు బలమైన యాధారమును కలదు. కాని ఇంతలో ప్రానా కంపెనీ దివాలా తీసెను. దివాలా యెత్తినవానినుండి సొమ్ము రాబట్టుట సంఘమునకైనను శక్యము కాదు. మూడేండ్లు వ్యాజ్యము నడచిన పిదప 1925లో వచ్చిన యుత్తరువు ప్రకారము చిత్రపు ప్రతులను నాశనము చేయవలసి యుండెను. ఫ్లారెన్సుకు హక్కు దక్కెను, ధనము దక్కలేదు.

కాని హక్కు దక్కుటవలని ఫలము తరువాత తెలిసినది. డ్రాక్యులా నూరక వాడుకొనుటకు వీలులేని యాస్తి యని నాటకములవారికిని చిత్రములవారికిని తేటపడెను. హామిల్టన్ డీన్ అను నటుడు ఆమె యనుమతి పొందియే 1924లో ఆ కథను రంగమున కెక్కించెను. 1927లో అది లండనుకు వచ్చెను. 1930లో యూనివర్సల్ కంపెనీవారు హక్కులు కొని, మఱుసటి సంవత్సరమే బేలా లుగోసీ నటించిన చిత్రమును ప్రకటించిరి. బెర్లినులో రాని సొమ్ము హాలీవుడ్డునుండి వచ్చెను.

ఇట కథ ముగిసినచో సంఘమునకు జయజయధ్వానములు పలికి యూరకుండవచ్చును. కాని న్యాయస్థానము నాశనము చేయు మనిన ఆ నోస్ఫెరాటు నేడు ప్రపంచమున మూకచిత్రములలో నుత్తమమైన వానిలో నొకటిగ గణింపబడుచున్నది. ఉత్తరువునకు చిక్కక కొన్ని ప్రతులు మిగిలెను. 1928లో లండనులోనే ఒక చిత్రసంఘమువారు దానిని ప్రదర్శించిరి. ఉత్తరువు సంపూర్ణముగ అమలు జరిగి యుండినచో భయానక రసమునకు అపార నష్టము వాటిల్లి యుండెడిది. అప్పుడు న్యాయ మామె పక్షమున నుండెను. కళ యెదుటి పక్షమున నుండెను. వృత్తిసంఘము కళకు కావలి కాదు, కళాకారుని హక్కునకు కావలి. ఈ రెండును సాధారణముగ నొకే త్రోవను నడచును. ఎప్పుడో యొకప్పుడు త్రోవలు చీలును. చీలినప్పుడు సంఘము హక్కు వైపే నడచును, నడువవలెను కూడ. ఏలయన, కళ గొప్పదైనంతమాత్రమున మూలకర్తకు ఎగవేయవచ్చు నన్నచో, గొప్పవాడైన ప్రతివాడును ఎగవేయును. అట్లని చిత్రమును కాల్చుట యొక్కటే పరిహార మని మేము తలపము. ఆదాయములో భాగ మిప్పించి చిత్రమును బ్రదుకనిచ్చు తీర్పు కలిగినచో రెండు ధర్మములును నిలిచెడివి. ఆదాయమే లేని దివాలా కంపెనీ యగుట అందఱి దురదృష్టము.

ఇక రెండవ విధమైన సంఘమును చూతము. అమెరికాలో ప్రావిడెన్సు నగరవాసి లవ్‌క్రాఫ్ట్ ఇరువది మూడేండ్ల వయస్సువఱకు చదువు సాగక, ఉద్యోగము లేక, గదిలో ముడుచుకొని యుండెడివాడు. 1914లో అతడొక యౌత్సాహిక పత్రికాసంఘమున చేరెను. అందలి సభ్యులు ధనాపేక్ష లేక చిన్న పత్రికలు తామే అచ్చువేసికొని ఒకరికొకరు పంపుకొనెడివారు. అచటి మిత్రులు ప్రోత్సహింపగా 1917లో మరల కథలు వ్రాయుట మొదలు పెట్టెను. అచటనే అతని తొలి కథలు వెలువడెను. ఆ సంఘమునకే యధ్యక్షుడును అయ్యెను. ఆ సంఘమే తనకు బ్రదుకు నిచ్చిన దని 1921లో అత డొక వ్యాసమున కృతజ్ఞతతో చెప్పుకొనెను. ఇందు ఒడంబడిక లేదు, హక్కు లేదు, రొక్కము లేదు; ఉన్న దొక్క సాంగత్యము. ఆ సాంగత్యమే లేకున్న లవ్‌క్రాఫ్టను రచయితయే లోకమునకు తెలిసి యుండడేమో.

అయినను సాంగత్యము కడుపు నింపదు. లవ్‌క్రాఫ్టు కథలను కొన్న ముఖ్యపత్రిక 1923లో పుట్టిన వియర్డ్ టేల్స్. దానికి వ్రాసిన మఱియొక ప్రసిద్ధుడు టెక్సాసు నివాసియైన రాబర్ట్ హోవర్డ్. 1935 నాటికి ఆ పత్రిక యతనికి బాకీపడిన సొమ్ము ఎనిమిదివందల డాలర్లకు పైమాట. తల్లి జబ్బునకు ఖర్చగుచున్న దనియు, తనకు రావలసినది కొంతయైన పంపు డనియు నతడు సంపాదకునికి జాబు వ్రాసికొనవలసి వచ్చెను. కష్టపడి సంపాదించిన కూలికొఱకు యాచకునివలె వ్రాయుట యెంత బాధాకరము! అతని పక్షమున మర్యాదగను గట్టిగను జాబు వ్రాయుటకు ఒక కార్యదర్శి లేడు. ఆర్థిక మాంద్యమున పత్రికయు కష్టములలో నుండెను గనుక సంఘ ముండినను బాకీ యంతయు వచ్చెడి దని చెప్పజాలము. కాని బాకీ యంతదాక పేరుకొననిచ్చి యుండరు. ఇతర రచయితలను హెచ్చరించి యుందురు. హోవర్డు 1936లో ప్రాణత్యాగము చేసికొనెను. లవ్‌క్రాఫ్టు 1937లో దారిద్ర్యమున మరణించెను. జాబుల మూలమున నేర్పడిన మిత్రులిద్దఱు డెర్లెత్, వాండ్రీ యనువారు 1939లో ఆర్కమ్ హౌస్ అను ప్రచురణసంస్థను స్థాపించి అతని కథలను గ్రంథముగ వెలువరింపకున్నచో, అవి పాతపత్రికలతో చెదలపాలై యుండెడివి.

హక్కునకు కావలి యొకటి, సాంగత్యము రెండవది. ఈ రెంటిని ఒకచోట చేర్చుటకు భయానక రచయితలు తామై చేసిన యత్నమే నేడు అమెరికా కేంద్రముగ నున్న భయానక రచయితల సంఘము. 1980లలో జో లాన్స్‌డేల్, రాబర్ట్ మెక్‌కామన్ మొదలగువారి యాలోచనచే నది రూపొందెను; మొదటి యధ్యక్షుడు డీన్ కూంట్స్. 1987వ సంవత్సరపు గ్రంథములకు మొదలుకొని స్టోకరు పేరనే బహుమతు లిచ్చుచున్నారు. బహుమతిగ నిచ్చు బొమ్మ యొక చిన్న పాడుపడిన భవనము, దాని తలుపు తెఱచిన లోపల విజేత పేరు కనబడును. అనుభవజ్ఞులు క్రొత్తవారికి పాఠము చెప్పు నేర్పాటును, ఆపదలో నున్న రచయితలకు సాయపడు నిధియు, ప్రకాశకులతో వచ్చు తగవులను విచారించు పద్ధతియు నందు గలవు.

దీనివలన నిజమైన ప్రయోజన మున్నదా? ఈ యుదాహరణము చూడుడు. ఆలన్ డీన్ ఫాస్టర్ అను రచయిత 1979లో ఏలియన్ చిత్రమును నవలగ వ్రాసెను. ఆ చిత్రములు తీసిన ఫాక్స్ సంస్థను 2019లో డిస్నీ కంపెనీ కొనెను. పుస్తకములు అమ్ముడగుచున్నను తనకు రావలసిన భాగము నిలిచిపోయిన దని ఫాస్టరు మొఱపెట్టుకొనెను. డబ్బదియవ పడి దాటినవాడు. తానును, భార్యయు రోగగ్రస్తులు. సంస్థను కొన్నప్పుడు హక్కులు వచ్చునుగాని బాధ్యతలు రావను వాదమును ఖండించుచు 2020లో వైజ్ఞానిక కల్పనా రచయితల సంఘము ఆ సంగతిని లోకమునకు చాటెను. పిమ్మట ఏర్పడిన సంయుక్త సమితిలో భయానక రచయితల సంఘమును చేరెను. అంతవఱకు జాబులకు బదులే రాని చోట, తరువాత కొందఱి లెక్కలు పరిష్కారమయ్యెను. హోవర్డుకు 1935లో లేనిది ఇదియే. అతని జాబు అతని దొక్కనిదే. ఫాస్టరు జాబు వేలమందిది.

పరిమితులను దాచుట సత్యము కాదు. 1980లలో పెల్లుబికిన భయానక నవలల వ్యాపారము 1990ల యారంభమున పడిపోయినప్పుడు సంఘము దాని నాపలేకపోయెను; చదువరులను పుట్టించు శక్తి యే సంఘమునకును లేదు. సభ్యులే వోట్లు వేసి బహుమతు లిచ్చుచోట మొగమోటములకు చోటు కలుగుననుట నిజము. అందుచేతనే తరువాత పరిశీలక సమితులను కూడ చేర్చిరి. సంఘము కూడ మనుష్యులదే గనుక అందును కలహములు పుట్టును: అమెరికాలో శృంగార నవలాకారుల పెద్దసంఘ మొకటి అంతఃకలహములచే సభ్యులను పోగొట్టుకొని 2024లో దివాలాకు దరఖాస్తు పెట్టుకొనెను. కొందఱు వ్రాయుట మాని సభలలో పదవులు వెదకుదురు. లవ్‌క్రాఫ్టు సైతము యౌత్సాహిక సంఘపు తగవులలో కొంత కాలమును వ్యయము చేసెను.

ఇన్నిటిని తూచి చూడగా మాకు దోచు నిర్ణయ మిది. భయానక రచయితకు సంఘము ప్రతిభ నీయదు, చదువరుల నీయదు, భయమును ఆవిష్కరించు కన్ను నీయదు. అవి యతడు ఏకాంతమున తానే సంపాదింపవలసినవి. ఏకాంతమువలన గలుగు రెండు నష్టములను మాత్రము అది తీర్చును: తోడు లేమి, మోసపోవుట. ఈ కథల రచయిత తక్కినవారికంటె ఎక్కువ ఒంటరివాడు. పండితులు అతని గ్రంథమును మూతి ముడిచి పక్కకు పెట్టుదురు. వ్యాపారి మాత్రము దానిని ఆసక్తితో నమ్ముకొనును. తిరస్కారము ఒకవైపు, అపహరణ మింకొకవైపు. ఇట్టివానికి సంఘ మితరులకంటె నెక్కువగ కావలెను.

కాని యెప్పుడు చేరవలెను? ఇల్లు కాలుచున్నప్పుడు బావి త్రవ్వించువానివలె, నష్టము కలిగిన పిదప చేరుట చాలమంది చేయు పని. ఫ్లారెన్సు స్టోకరు చేరినది అట్లే; ఆమె యదృష్టవశమున బావిలో కొన్ని నీళ్లు పడెను. కాని అమెరికాలో 1899లో జాఱిపోయిన హక్కును మాత్రము 1922లో చేరిన సభ్యత్వము మరల తేలేకపోయెను. మొదటి ఒడంబడికమీద సంతకము చేయుటకు ముందు దానిని తెలిసినవానికి చూపుట యే సంవత్సరపు చందాకైనను తగిన వెల. ఆ పని చేసి, తరువాత సభల తలుపు మూసికొని వచ్చి, మరల దీపము ముందు కూర్చుండవలెను. మిగిలిన పనియంతయు అచ్చటనే కలదు.